అందరికీ కలిపి ఒక పతకం

"జేబుల్లో ఉన్నవన్నీ ట్రేలో పెట్టండి. బెల్టు కూడా తీయాలి సార్. ఆ... అదే."

పొద్దున తలుపు తెరిచినప్పటినుంచీ వెర్లీన్ మోస్బీ ఈ మాట ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. ఇరవై ఆరేళ్ళుగా అంటూనే ఉంది. "నిద్రలో కూడా నన్ను బెల్టు తీయమంటావేమే" అని భర్త క్లిఫ్టన్ ఏడిపించేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బెల్టులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఎక్స్‌రే మిషను తెరమీద సంచులు ఒకదాని వెనక ఒకటి జరిగిపోతున్నాయి. బట్టలూ కాగితాలూ నారింజరంగులో, తాళంచెవులూ గొడుగు ఊచలూ నీలంగా. ఎవరిదో భోజనం డబ్బాలో అరటిపండు వంకరగా పడుకుని ఉంది. కళ్ళు తెరమీదే ఉన్నా, ఒంటి బరువుని ఒకసారి ఎడమకాలిమీదికీ ఒకసారి కుడికాలిమీదికీ మార్చుకుంటోంది వెర్లీన్. ఈ భవనం కాపలా పోలీసు, ఏభై దాటిన మనిషి. మంచి పొడగరి, వెడల్పాటి భుజాలు. నెరిసిన జుట్టుని సన్నటి జడలుగా అల్లి, మెడమీద గట్టిగా ముడేసుకుంటుంది. రోజుకి పదిసార్లు చేతులకి పూసుకునే శానిటైజర్ మందు వల్ల వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి తెల్లగా పొట్టు లేస్తోంది. సాయంత్రానికి చీలమండలు వాచి బూటు అంచు దాటి పొంగేవి. ఈమధ్య మధ్యాహ్నానికే పొంగుతున్నాయి. ఇదివరకు ఈ తలుపు దగ్గర ముగ్గురుండేవాళ్ళు. వంతులవారీగా ఒకరు కాసేపు కూర్చునేవారు. రెండేళ్ళ కిందటి ఆ జనవరి దాడి తర్వాత చాలామంది ఉద్యోగం వదిలి వెళ్ళిపోయారు. ఇప్పుడిక్కడ ఇద్దరే. కూర్చునే వంతు ఎవరికీ రాదు.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా డిసెంబరు గాలి లోపలికి జొరబడి మోకాళ్ళ కింద కోస్తోంది. చట్టసభలు కూర్చునే క్యాపిటల్ భవనానికి ఉత్తరం పక్కన, మెట్ల కింద ఉంటుంది ఆ తలుపు. చూడ్డానికి వచ్చే జనం ఇటు రారు. గుమాస్తాలు, ఎలక్ట్రీషియన్లు, వంటశాలకి కూరలు తెచ్చేవాళ్ళు, కుర్చీలు మోసేవాళ్ళు వస్తారు. పోస్టుకార్డుల మీద ఎప్పుడూ తెల్లటి గుమ్మటమే ఉంటుంది. ఈ తలుపు ఏ బొమ్మలోనూ పడదు.

మెటల్ డిటెక్టర్ చట్రానికి అవతల డెన్నీ నిలబడి ఉన్నాడు. బాల్టిమోర్ పక్కన ఓడరేవులో పుట్టి పెరిగినవాడు. ఎర్రటి మొహం, పొడుగాటి మెడ, ఒకప్పుడు రాగిరంగు మీసం. ఈ రెండేళ్ళలో ఆ మీసం పూర్తిగా తెల్లబడిపోయింది. కుడిభుజానికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. ఆ చెయ్యి నడుందాకా లేస్తుంది, అక్కణ్ణించి పైకి రాదు. అందుకని డిటెక్టర్ కర్రని ఎడమచేత్తో పట్టుకుని, మనుషుల చంకల కింద, నడుము చుట్టూ తిప్పుతాడు. కొత్తగా రాత నేర్చుకునేవాడి చెయ్యిలాగా ఆ ఎడమచెయ్యి ఇంకా తడబడుతూనే ఉంటుంది.

ఒకప్పుడు డెన్నీ నోరు మూతపడేది కాదు. పీతలు ఎప్పుడు కండ పడతాయి, ఎప్పుడు గుల్ల విడుస్తాయి, పడవ ఇంజనుకి ఏం రోగం వచ్చింది, తన పెద్దక్క నాలుగో మొగుణ్ణి ఎందుకు తరిమేసింది – అన్నీ వెర్లీన్‌కి వచ్చు. ప్రతి ఎండాకాలం ఒక ఆదివారం బుట్టెడు పీతలు తెచ్చి వాళ్ళింట్లో బల్లమీద న్యూసుపేపర్లు పరిచి పోసేవాడు. వెర్లీన్ తల్లి ఐడెల్లాకి అతనంటే ప్రాణం. గుల్లలు సుత్తితో పగలగొట్టి, కండ తీసి ఆమె పళ్ళెంలో పెట్టేవాడు. "తెల్లోడే కానీ తిండి తెలిసినోడే" అనేది ముసలావిడ, అతని మొహం మీదే. అతను పగలబడి నవ్వేవాడు.

రెండు ఎండాకాలాల నుంచీ పీతలు రాలేదు. వెర్లీన్ అడగలేదు.

తర్వాత వచ్చినవాడు ఎలక్ట్రీషియన్ ఒర్టిజ్. పనిముట్ల సంచి మిషను బెల్టుమీద పెడుతూ కన్నుగీటాడు.

"ఏంటి మేడమ్, ఇవాళ మీకు బంగారం ఇస్తున్నారంటగా! పళ్ళకి తొడిగించుకుంటారా, ముక్కుకి పెట్టుకుంటారా?"

"ముందు నీ బెల్టు తియ్యి. బంగారం సంగతి తర్వాత."

"మనిషికొకటేనా?"

"మనిషికొకటా! అందరికీ కలిపి ఒకటి. హెడ్డాఫీసులో అద్దాలపెట్టెలో పెడతారు."

"అదేం ఇవ్వడం? వంతులేసుకుని ఇంటికి పట్టుకెళ్ళండి. ఈ వారం మీరు, వచ్చే వారం ఈయన. వాన పడితే సెలవు."

డెన్నీ మీసం కదిలింది. నవ్వాడనే అనుకోవాలి. కర్ర ఎడమచేతిలోంచి జారి ఒర్టిజ్ మోకాలికి తగిలింది. "సారీరా" అన్నాడు. "పర్లేదు గురూ, ఇంకా బతికే ఉన్నాగా" అని ఒర్టిజ్ బెల్టు భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ పోయాడు.

ఆ పతకం మాట నిరుడు ఆగస్టు నుంచీ నానుతోంది. ఆ జనవరిలో, ఎన్నిక ఫలితం ఒప్పుకోని జనం కర్రలూ జెండాకోలలూ పట్టుకుని భవనం మీద పడితే అడ్డం నిలబడిన పోలీసులకి బంగారు పతకం ఇవ్వాలని ఇదే భవనంలో చట్టం చేశారు. సంతకం అయింది. ముద్ర వేసి, మెరుగుపెట్టి తెచ్చేసరికి ఇన్నాళ్ళు పట్టింది. ఇవాళ పదకొండింటికి పైన, గుమ్మటం కింది హాల్లో సభ.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి వచ్చినాయన కోటుకి చట్టసభ సభ్యులు పెట్టుకునే గుర్తుబిళ్ళ ఉంది. సభ్యులు బెల్టు తీయనక్కర్లేదు, ట్రేలో ఏమీ పెట్టనక్కర్లేదు. డెన్నీ పక్కకి జరిగి చిన్నగేటు తెరిచి పట్టుకున్నాడు.

"చలి చంపేస్తోందయ్యా బాబూ" అన్నాడాయన చేతులు రుద్దుకుంటూ. "మీరెలా నిలబడతారో ఇక్కడ!"

"అలవాటైపోయింది సార్."

ఆయన డెన్నీ భుజం తట్టి వెళ్ళిపోయాడు. తట్టింది కుడిభుజం. డెన్నీ పెదాలు బిగుసుకున్నాయి, కానీ గేటు మాత్రం నెమ్మదిగా, చప్పుడు కాకుండా మూశాడు. ఆ పతకం బిల్లుకి వద్దని ఓటేసినవాళ్ళలో ఆయనా ఒకడు. ఆ సంగతి వెర్లీన్‌కి తెలుసు, డెన్నీకీ తెలుసు. వీళ్ళకి తెలుసని తెలిసే ఆయన తట్టాడని వెర్లీన్ నమ్మకం.

"ఆయనకి తలుపెందుకు తెరిచావు? కార్డు చూపించమనాల్సింది. కాసేపు నిలబెట్టాల్సింది."

"తలుపు అందరికీ తెరవాల్సిందే మోస్బీ. మనకి జీతం దానికేగా."

వెర్లీన్ తెరవైపు తిరిగింది. తెరమీద ఒక చేతిసంచీలో చిన్నపిల్లల బూట్లు రెండు నీడల్లాగా జరిగిపోయాయి.

సభకి ఇంకా గంటకు పైనే ఉందనగా సార్జెంట్ ప్రూయిట్ వచ్చాడు. పొట్టిమనిషి. ఇస్త్రీ మడతలు కత్తుల్లాగా నిలబడే పొడుగుకోటు, తెల్ల చేతితొడుగులు వేసుకుని ఉన్నాడు. డెన్నీని పైనుంచి కిందిదాకా చూశాడు. రోజూ వేసుకునే నీలం చొక్కా, అరిగిన మోచేతులు.

"కోటేది?"

"ఇంట్లో మర్చిపోయాను సార్జ్."

"మర్చిపోయావా! మూడుసార్లు చెప్పించుకున్నావు నాచేత. తలుపుకొకరు చొప్పున పైన వరసలో నిలబడాలి. ఈ తలుపుకి నీ పేరే రాసిచ్చాను. ఇవాళైనా నా మాట వినవయ్యా డెన్నీ. ఇవాళైనా."

"ఇక్కడ ఎవరో ఒకరుండాలిగా. నేనుంటాను. మోస్బీని పంపండి. ఆమె కోటు లాకర్లోనే ఉంటుంది."

"నేను వెళ్ళను" అంది వెర్లీన్.

ప్రూయిట్ ఇద్దరివైపూ చూశాడు. అతని కళ్ళకింద కూడా సంచులు వేలాడుతున్నాయి. ఆ రోజు అతనూ పడమటి మెట్లమీద ఉన్నవాడే. చెవిలో అప్పుడు మొదలైన హోరు ఇప్పటికీ తగ్గలేదంటారు.

"మీరిద్దరూ తేల్చుకోండి. వరసలో సందు కనపడిందంటే మాత్రం ఊరుకోను" అని గోడకేసి చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు.

కాసేపు ఎవరూ రాలేదు. బెల్టు ఖాళీగా తిరుగుతోంది. వెర్లీన్ మీట నొక్కి ఆపింది.

"నీకేమైనా పిచ్చా? ఆ రోజు నేను ఇక్కడ లేను. నీకు తెలుసు, ప్రూయిట్‌కి తెలుసు, పైన నిలబడేవాళ్ళందరికీ తెలుసు. ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

ఆ రోజు వెర్లీన్ ఇంట్లో ఉంది. కరోనా. ఒళ్ళు కాలిపోతోంది. తల్లికి అంటకూడదని ముందుగదిలో సోఫామీద దుప్పటి కప్పుకుని కూర్చుని టీవీ చూస్తోంది. గుమ్మం అవతలనుంచి ఐడెల్లా తొంగిచూసి, "ఎవరిదే ఆ ఊరేగింపు? బాండుమేళం ఏదీ?" అని అడిగింది. మతి అప్పటికే సగం జారిపోయింది ముసలావిడకి. తెరమీద తన తలుపు. కెమెరా అటు తిరిగింది ఒక్క క్షణమే. ఇరవై నాలుగేళ్ళు తను తెరిచీ మూసీ చేసిన తలుపు అద్దం పగిలి వేలాడుతోంది. ఆ గుంపు మధ్య టోపీ లేకుండా, నెత్తురు కారుతున్న ఎర్రటి మొహం ఒకటి పైకి తేలి మళ్ళీ మునిగిపోయింది. వెర్లీన్ లేచి బూట్లు వేసుకుంది. తాళంచెవులు తీసుకుంది. వీధి చివరిదాకా కూడా నడవలేక, ఎవరిదో కంచె పట్టుకుని నిలబడిపోయి, తిరిగొచ్చి పడుకుంది.

ఆ రోజు ఆమె చోట నిలబడినది షెల్బీ అనే పిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. సన్నగా రివటలా ఉండేది. తలుపు విరిగినప్పుడు జనం కాళ్ళకింద పడిపోయింది. అప్పటికే లోపలి నడవాలోకి చేరుకున్న డెన్నీ మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆమెను లాక్కొచ్చాడు. భుజం పోయింది అప్పుడే. ఇదంతా వెర్లీన్‌కి వాళ్ళూ వీళ్ళూ చెప్పారు. డెన్నీ నోటినుంచి ఒక్కముక్క రాలేదు. షెల్బీ నెల తిరక్కుండానే రాజీనామా ఇచ్చి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ గొంతుదాకా వచ్చి ఆగిపోయిన మాట ఇవాళ వెర్లీన్ నోట్లోంచి దానంతటదే ఊడిపడింది.

"నేనుండుంటే నీ భుజం బాగుండేది."

డెన్నీ ఆమెకేసి చూశాడు. చాలా రోజుల తర్వాత సూటిగా చూశాడు. నీలపు కళ్ళు, చుట్టూ ఎర్రజీర.

"నువ్వుండుంటే?"

"నేనైతే పడిపోయేదాన్ని కాదు."

"అవును, నువ్వు ఉక్కుస్తంభానివి మరి! వాళ్ళు ఏనుగునైనా పడేసేవాళ్ళు ఆ రోజు. నువ్వూ పడేదానివే. నీకోసం కూడా వెనక్కి వెళ్ళేవాణ్ణే." కర్రని చంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో కుడిభుజం నొక్కుకున్నాడు. "ఆ పిల్ల ఈకలా ఉంది కాబట్టి ఒక్క భుజంతో పోయింది. నిన్ను లాగుంటే రెండూ పోయేవి. నడుం కూడా పోయేది. జ్వరం తెచ్చుకుని నాకు మేలు చేశావే తల్లీ!"

వెర్లీన్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏదో అడ్డం తిరిగి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పగిలిన వేళ్ళతో తుడుచుకుంటే ఆ మందు తగిలి కళ్ళు ఇంకా మండాయి.

"నోర్ముయ్. మా అమ్మకి చెప్తాను, లావున్నానన్నావని."

"చెప్పు. ఆవిడ నా పక్షమే." డెన్నీ గోడకి ఆనుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు: "చూడు మోస్బీ. పైకెళ్తే ఎవరెవరో వచ్చి చెయ్యి పట్టుకుంటారు. కుడిచెయ్యి. పైకెత్తలేను. ఎందుకెత్తలేవంటారు. చెప్పాలి. విని, అయ్యో పాపం అన్నట్టు తలాడిస్తారు. నావల్ల కాదు. నాకు ఇక్కడే బాగుంటుంది. ఈ ఒక్కపూటా నన్ను ఈ తలుపు దగ్గర నిలబడనియ్యి. నా కోసం వెళ్ళు."

రెండేళ్ళలో అతను అంత మాట్లాడింది అదే. వెర్లీన్ కాదనలేకపోయింది.

లాకరు గదిలో దీపం ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. వెర్లీన్ బెంచీమీద కూర్చుని ముందు బూట్లు విప్పింది. పాదాలు రెండు చేతుల్లోకీ తీసుకుని కాసేపు పట్టుకుంది. తర్వాత కోటు తీసింది. ఆ కోటు చావులకి తీసేది. తోటివాళ్ళ శవపేటికల వెనక నడవడానికి, క్లిఫ్టన్‌ని మట్టిచేసిన రోజు కూడా అదే. ఆ జనవరి తర్వాత తక్కువ రోజుల్లో ఎక్కువసార్లు తీయాల్సొచ్చింది. అప్పుడు వదులుగానే ఉండేది. ఇప్పుడు మధ్య గుండీ పట్టడంలేదు. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, ఎలాగో పెట్టింది. జేబులో చెయ్యి పెడితే చర్చిలో ఇచ్చిన పుదీనా బిళ్ళ ఒకటి దొరికింది. ఎవరి చావప్పటిదో గుర్తులేదు. కాగితం విప్పి నోట్లో వేసుకుంది.

ఈ పనిలో చేరకముందు ఆమె ఒక పెద్ద బట్టలకొట్లో డబ్బులు తీసుకునే కిటికీ దగ్గర కూర్చునేది. తండ్రి సిటీ బస్సు నడిపేవాడు. పోలీసు పరీక్ష పాసయ్యానని చెబితే, "క్యాపిటల్‌లోనా? ఏ తలుపు?" అని అడిగాడు. ఆయన తల్లి ఆ భవనంలోనే నేల తుడిచేది. రాకపోకలన్నీ కింది తలుపునుంచే. "ఏ తలుపైతేనేం నాన్నా, తుపాకీ నా నడుముకే కదా ఉంటుంది" అంది వెర్లీన్. ఆయన ఆ మాట బస్సెక్కిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

పైన హాలు నిండిపోయింది. పాలరాతి నేలమీద బూట్ల చప్పుడు, కెమెరాల చిటచిటలు, గుమ్మటం లోపలికి ఎగిరిపోయి పొగలాగా తిరిగి దిగే మాటలు. వెర్లీన్‌ని వరసలో చివరినుంచి నాలుగోచోట నిలబెట్టారు. పక్కన ఉన్నవాడు తూర్పు తలుపు వాడు, చెంపమీద మచ్చ. అతను ఆమెని చూసి చిన్నగా తల ఊపాడు. "డెన్నీ ఏడీ?" అని పెదాలతో అడిగాడు. "కింద" అంది. అతను మళ్ళీ తల ఊపాడు. నువ్వెందుకొచ్చావని అతని మొహంలో ఎక్కడా లేదు. అందుకోసమే వెతికింది వెర్లీన్.

నీలంగుడ్డ పరిచిన బల్లమీద పతకాలు పెట్టారు. మొత్తం నాలుగు. ఒకటి తమ హెడ్డాఫీసుకి, ఒకటి నగరం పోలీసులకి, ఒకటి మ్యూజియానికి, ఒకటి ఈ భవనంలోనే జనానికి చూపించడానికి. దూరంనుంచి వెర్లీన్‌కి పసుపు మెరుపు తప్ప బొమ్మ కనపడలేదు. పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ధైర్యం అన్నారు, త్యాగం అన్నారు, రుణం అన్నారు. మంచిమాటలే. చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతున్నప్పుడు ముందు కుర్చీల్లో ఒక తల్లి వేళ్ళు వేళ్ళలో దూర్చి పట్టుకుంది. ఆ వేళ్ళు తెల్లబడడం వెర్లీన్ చూసింది. తర్వాత అటు చూడలేక ఎదురుగా ఉన్న రాతిస్తంభం వైపు చూపు తిప్పుకుంది. ఆ స్తంభం మొదట్లో ఒక గీత ఉంది. అది పాతదో, ఆ రోజు పడిందో తెలీదు. మధ్య గుండీ పొట్టలోకి గుచ్చుకుంటోంది. కాళ్ళలో నెత్తురంతా కిందికి దిగి గడ్డకట్టినట్టుంది. డెన్నీ ఇప్పుడు ఎవరి బెల్టు విప్పిస్తున్నాడో అనుకుంది.

చప్పట్లయ్యాక సభ్యులు కొందరు వరస వెంబడి వచ్చి చేతులు కలిపారు. వెర్లీన్ ముందుకి ఒక తెల్లజుట్టు పెద్దావిడ వచ్చింది. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది. వెచ్చటి, మెత్తటి చేతులు.

"ఆ రోజు మీరు చేసినదానికి, ఆఫీసర్, ఏమిచ్చినా తీరదు."

వెర్లీన్ నోట్లో పుదీనా బిళ్ళ ముక్క ఇంకా ఉంది. దాన్ని బుగ్గలోకి నెట్టింది.

"నేను కాదండీ. నేను ఆ రోజు లేను. నా పార్ట్‌నర్ చేశాడు. పేరు డెన్నీ. కింద ఉత్తరం తలుపు దగ్గరున్నాడు, ఇప్పుడు కూడా."

పెద్దావిడ చిరునవ్వు చెదరలేదు. చుట్టూ చప్పట్లు. చెవి ఒగ్గింది కానీ, వినపడిందో లేదో. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అని చెయ్యి ఒకసారి నొక్కి, తర్వాతి చెయ్యి అందుకుంది.

అయినా వెర్లీన్‌కి గుండెలమీంచి ఏదో దిగినట్టే ఉంది. అనేసింది. ఆ హాల్లో, అంతమంది మధ్య, అతని పేరు పైకి అనేసింది. కిందికి దిగే మెట్లమీద కోటు గుండీలన్నీ విప్పేసింది. డెన్నీకి ఏం చెప్పాలో కూర్చుకుంటూ దిగింది. నీ బంగారం చూశానయ్యా, నీ పీతల సైజు కూడా లేదు, చిన్న ఆడపీత సైజు కూడా లేదు. ఎండాకాలం మా అమ్మకి బాకీ పడ్డావు, రెండు బుట్టలు. ఇలా అంటే నవ్వుతాడు. ఇవాళ నవ్వే రోజులా ఉంది.

తలుపు దగ్గర కర్ర పట్టుకుని గ్యారేజీ కాపలా హ్యాంక్ నిలబడి ఉన్నాడు. మిషను పక్కన ప్రూయిట్. తెల్ల చేతితొడుగులు తీసి ఒక చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"డెన్నీ బాత్రూముకెళ్ళాడా?"

ప్రూయిట్ చేతితొడుగులు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"వెళ్ళిపోయాడు మోస్బీ. పోయిన వారమే కాగితాలమీద సంతకాలు పెట్టాడు. డాక్టర్లు కూడా ఇంక ఆ చెయ్యి ఇంతే అనేశారు. ఇవాళ్టితో ఆఖరు. ఇందాకే పైన ఆఫీసులో బ్యాడ్జీ, తుపాకీ అప్పజెప్పాడు."

"నాకు చెప్పలేదే!"

"చెప్పొద్దన్నాడు."

"ఎందుకు?"

"కేకు కోయిస్తావని."

హ్యాంక్ నేలకేసి చూస్తున్నాడు. వెర్లీన్ తలుపు దగ్గరికి నడిచి అద్దంలోంచి బయటికి చూసింది. కొత్త అద్దం, మందపాటిది. దాంట్లోంచి బయట అన్నీ కాస్త పచ్చగా కనిపిస్తాయి. రాలిన ఆకుల్ని ఊడ్చేవాడు ఒకడు వంగి నడుస్తున్నాడు. పార్కింగ్ వైపు వెళ్ళే దారి ఖాళీగా ఉంది.

"కోయించేదాన్నే" అంది.

"ఆఖరిరోజు వరసలో నిలబెడదామనుకున్నాను" అన్నాడు ప్రూయిట్. "అందరూ చూస్తారని. వాడికి ఇష్టం లేకపోయింది. నువ్వు పైకెళ్ళాక హ్యాంక్ వచ్చేదాకా ఒక్కడే నడిపాడు, తెరా చూశాడు, కర్రా తిప్పాడు. వంటశాలవాళ్ళు వస్తే ఒక్కొక్కళ్ళనీ పేరుపెట్టి పలకరించాడట. చాలా మాట్లాడాడని చెప్పారు."

వెర్లీన్ ఫోను తీసింది. అవతల మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేయలేదు. బండి నడుపుతూ ఉంటాడు. ఎడమచెయ్యి స్టీరింగ్ మీద ఉంటుంది. కుడిచేత్తో ఫోను తీయలేడు.

ప్రూయిట్ వెళ్ళిపోతూ ఆగాడు. "కొత్తమనిషిని సోమవారం వేస్తారు. అప్పటిదాకా హ్యాంక్ ఉంటాడు." ఇంకేదో అనబోయి, విప్పి వేలాడుతున్న ఆమె కోటు గుండీలు చూసి, ఏమీ అనకుండా వెళ్ళాడు.

తలుపు తెరుచుకుంది. కుర్చీలు మోసే మనుషులు నలుగురు, వెనక గుమాస్తా అమ్మాయి, గొడుగు దులుపుకుంటూ. బయట చినుకులు మొదలైనట్టున్నాయి. వెర్లీన్ కోటు విప్పి గోడ మేకుకి తగిలించి, చొక్కా చేతులు మడుచుకుంది. మిషను వెనక్కి వెళ్ళి మీట నొక్కింది. బెల్టు కదిలింది. కుర్చీలవాళ్ళ సంచులు తెరమీదికి రావడం మొదలైంది. ఇనపవస్తువులు నీలంగా, రొట్టెలు నారింజరంగులో. తెర మూలన అక్షరాలు కొంచెం మసగ్గా అనిపించి ముందుకి వంగింది. అప్పుడు చూసింది.

తెర పక్కన, మిషను నెత్తిమీద, కళ్ళజోడొకటి మడిచి పెట్టి ఉంది. తెర చూడాలంటే డెన్నీకి అది లేకుండా కుదరదు. వెళ్ళేటప్పుడు తీసుకోవడం మర్చిపోయినట్టున్నాడు. చేత్తో ముట్టుకోబోయి ఆగింది. దొరికిన వస్తువులు సాయంత్రం డబ్బాలో వేసి పైకి పంపాలి, చీటీ కట్టి. హ్యాంక్ అటే చూస్తూ, "పంపాలా?" అన్నాడు.

"ఉండనీ."

ఒక కాడకి నల్లటేపు చుట్టి ఉంది. అద్దాలమీద బొటనవేలి ముద్ర ఒకటి జిడ్డుగా కనిపిస్తోంది. కింద బెల్టు తిరుగుతున్నంతసేపూ ఆ కళ్ళజోడు సన్నగా వణుకుతూ, మిషను అంచువైపు నూలుపోగంత చొప్పున జరుగుతూ ఉంది.